ఒకే లేఖకు 4, అదే లేఖకు 8: తెలుగు టీచర్లు కలిసి దిద్దిన పేపర్ల కేస్ స్టడీ

అనంతపురం జిల్లాలో ఒక స్కూల్ కాంప్లెక్స్, అంటే చుట్టుపక్కల బడులను కలిపిన గుంపు. నాలుగు హైస్కూళ్ళ తెలుగు టీచర్లు ఎనిమిదో తరగతి లేఖ ఒకదాన్ని ఎవరికి వారు దిద్దారు. 10 మార్కులకు ఒకరు 4 వేశారు, ఇంకొకరు 8. మిగతా ఇద్దరు 5, 7. నలుగురూ ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దినవాళ్ళే. ఎవరూ హడావిడిగా చూడలేదు. మరి తేడా ఎక్కడిది, దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు, ఏది తగ్గదు అన్నదే ఈ కేస్. ఇందులోని పేపర్లు, మార్కులు ఏ ఒక్క బడివీ కావు. కలిసి దిద్దే పనిలో మాటిమాటికీ ఎదురయ్యే చిక్కులు ఒకచోట కనిపించేలా కూర్చిన నమూనాలివి.

టీచర్ల మధ్య ఇలాంటి తేడా మన జిల్లాలకే పరిమితం కాదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒక ఇంగ్లిష్ జవాబుపత్రం నకళ్ళను హైస్కూళ్ళకు పంపితే 142 మంది టీచర్లు దిద్ది పంపారు. ఒకే పేపరుకు 100కి 64 నుంచి 98 దాకా మార్కులు పడ్డాయి.

ప్రశ్న, పాత పట్టిక

ప్రశ్న ఇది: "మీ ఊరి చెరువులో కంపచెట్లు పెరిగి, పూడిక చేరింది. బాగుచేయించమని కోరుతూ పంచాయతీ కార్యదర్శికి లేఖ రాయండి." వ్యక్తీకరణ–సృజనాత్మకత కింద 10 మార్కులు. మార్కుల పంపకం: విషయ వివరణ 4, లేఖా నమూనా 2, భాష 2, దోషాలు లేకుండా రాయడం 2.

పైకి ఈ పట్టికలో లోపమేమీ కనిపించదు. కానీ "విషయ వివరణ బాగుంది" అంటే ఒక టీచరుకు పేజీ నిండా రాయడం, మరొకరికి చెరువు సంగతి చెప్పడం. "భాష"కూ "దోషాలు లేకుండా" అన్నదానికీ మధ్య గట్టు లేదు. దాంతో ఒకే పదానికి రెండుచోట్లా మార్కు కోసే వీలు ఏర్పడింది. ఇది తర్వాత చర్చలోగానీ బయటపడలేదు.

పేపర్లు సిద్ధం చేసిన తీరు

ఒక్కో బడి నుంచి మూడు చొప్పున పన్నెండు పేపర్లు తెచ్చారు. బాగా రాసినది ఒకటి, మధ్యరకం ఒకటి, ఎంత వేయాలో తేల్చుకోలేక టీచరు పక్కన పెట్టినది ఒకటి. ఈ మూడోరకం పేపర్లే మీటింగుకు ప్రాణం. అందరూ 9 వేసే పేపర్లు పది తెచ్చినా నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఎర్రసిరా తగలకముందే జిరాక్సు తీయాలి. ఒక్క టిక్కు కనిపించినా తర్వాత చదివే టీచరు కన్ను దానివెంటే పోతుంది. పిల్లల పేర్లు, బడి పేరు తెల్లకాగితంతో మూసి జిరాక్సు తీసి, పేపర్లకు క, గ, చ, ట అని గుర్తులు పెట్టారు. టీచర్లకు కూడా అ, ఆ, ఇ, ఈ అనే గుర్తులే. నలుగురి కట్టల్లోనూ పేపర్ల వరస వేరువేరుగా ఉండేట్టు కలిపారు. మూడు బలహీనమైన పేపర్ల తర్వాత వచ్చిన మామూలు పేపరు గొప్పగా కనిపిస్తుంది. మంచి పేపరు తర్వాత వస్తే అదే పేపరు తేలిపోతుంది. అందరి కట్టా ఒకే వరసలో ఉంటే ఆ పొరపాటు అందరూ కలిసి చేసి, ఏకాభిప్రాయం వచ్చిందనుకునే ప్రమాదముంది.

మార్కులు పేపరు మీద కాకుండా విడి చీటీ మీద రాశారు. దిద్దేటప్పుడు మాటల్లేవు. చీటీలన్నీ చేతికొచ్చాకే మార్కులు బోర్డు మీదికెక్కాయి.

బోర్డు మీద కనిపించింది

| పేపరు | అ | ఆ | ఇ | ఈ |
|---|---|---|---|---|
| క | 4 | 8 | 5 | 7 |
| గ | 9 | 6 | 8 | 5 |
| చ | 3 | 5 | 4 | 4 |
| మొత్తం | 16 | 19 | 17 | 16 |

ఇక్కడ చాలా మీటింగులు దారి తప్పుతాయి. అడుగు వరస చూసి "ఆ మేడం కొంచెం ధారాళం, మిగతావాళ్ళం సమానమే" అని తేల్చేస్తారు. అ, ఈ టీచర్ల మొత్తం 16, 16. కానీ లోపల చూడండి. క పేపరు కంటే గ పేపరుకు అ టీచరు అయిదు మార్కులు ఎక్కువ వేశారు. 'ఈ' గుర్తున్న టీచరుకు క పేపరే మెరుగు, అదీ రెండు మార్కుల తేడాతో. మొత్తాలు కలిశాయి, పిల్లల వరస తలకిందులైంది. చేయి ధారాళమా, బిగువా అన్నది ఒక రకం తేడా. దాన్ని ఒకటి రెండు మార్కులు సవరించుకుని సర్దుకోవచ్చు. దేన్ని మంచి రాత అంటారన్నది ఇంకో రకం తేడా. అది సవరణలతో పోదు, కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. అందుకే మొత్తాలూ సరాసరులూ కాకుండా ఒక్కో పేపరు వరసను అడ్డంగా చదవాలి.

క పేపరు

"అయ్యా, మా ఊరి చెరువు నిండా కంపచెట్లు మొలిసినాయి. గొర్రెలు నీళ్ళకు పోతే ముండ్లు గుచ్చుకుంటాండాయి. పోయిన వానలకు నీళ్ళు వచ్చినా పూడిక ఉండబట్టి రెండు నెలలకే ఇంకిపాయ. చెరువులో నీళ్ళుంటేనే మా బోర్లలో నీళ్ళు. లేకుంటే చెనిక్కాయ ఎండిపోతాది. ఉపాది పని ఇక్కడ పెట్టిస్తే కూలీ దొరుకుతాది, చెరువూ బాగవుతాది."

తేదీ లేదు, చిరునామా లేదు, విషయం అన్న గీత లేదు, సంతకం లేదు.

చర్చకు ఒకే నియమం: ముందు పేపర్లోని వాక్యం చూపించాలి, తర్వాతే మార్కు మాట. "ఓవరాల్‌గా బాగాలేదు సార్" అంటే చెల్లదు. 4 వేసిన టీచరు చూపించినవి: మొలిసినాయి, గుచ్చుకుంటాండాయి, ఇంకిపాయ, ఎండిపోతాది, ఉపాది. ఈ అయిదింటికీ భాషలో రెండు, దోషాల్లో రెండు పోయాయి. నమూనాలో మరో రెండు. 8 వేసిన టీచరు చూపించింది చివరి వాక్యం. చెరువు పనిని ఉపాధి హామీ కింద పెడితే రెండు కష్టాలు ఒకేసారి తీరతాయని చెప్పిన పిల్ల ఇంకెవరూ లేరు. చెరువుకూ బోరుకూ, బోరుకూ పంటకూ లంకె కూడా కుదిరింది.

ఇద్దరూ చూసింది ఆ పేపర్లో ఉన్నదే. ఒకే తప్పుకు రెండుచోట్ల కోత పడటం మాత్రం పట్టిక లోపమని అప్పుడు తేలింది.

"పోతాది" తప్పా?

సీమ బడుల్లో దీనికి జవాబు తేలకుండా మార్కుల్లో నిలకడ రాదు. పిల్లల నోటి మాట, పుస్తకం మాట పక్కపక్కనే ఉంటాయి. వేరుశనగను కర్నూలు వైపు బుడ్డలంటారు, అనంతపురం వైపు చెనిక్కాయలంటారు. ఒక టీచరు ఇంటిమాట అని మురిసిపోయి వదిలేస్తే, ఇంకొకరు ఎర్రగీత పెడతారు. ఆ పిల్లకు ఏ టీచరు దొరికితే అదే రాత.

గంటకు పైగా జరిగిన చర్చలో నలుగురూ ఆ అయిదు పదాలనూ మూడు కుప్పలు చేశారు.

మొదటిది ప్రాంతీయ వ్యాకరణం. వచ్చినాడు, చేసినారు, పోతాది, దొరుకుతాది. పిల్ల నేర్వక రాసినవి కావు, నేర్చిన భాషలోవి. వచ్చినాడు వంటి రూపం పాత తెలుగు రాతల్లోనూ ఉన్నదే. వీటికి మార్కు కోయకూడదు. చెనిక్కాయ, బుడ్డలు వంటి పదాలూ ఈ కుప్పలోవే.

రెండోది ఉచ్చారణను బట్టి పోయే అక్షరం. మొలిచినాయి బదులు మొలిసినాయి, ఉపాధి బదులు ఉపాది, నీళ్ళు బదులు నీల్లు, విద్యార్థి బదులు విధ్యార్థి. ఇవి అక్షరదోషాలు. పదే పదే వచ్చినా ఒక పదం ఒక్కసారే లెక్క. ఈ చివరి మాట ముఖ్యం. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు బడుల్లో ఇంట్లో ఉర్దూనో కన్నడమో మాట్లాడే పిల్లలు చాలామంది. ఒక్క ళకారం పట్టుబడని పిల్లవాడు చెరువు మీద లేఖలో "నీల్లు" అని ఎనిమిదిసార్లు రాస్తాడు. ఎనిమిది తప్పులుగా లెక్కిస్తే వాడికి మిగిలేది ఏమీ ఉండదు.

మూడోది సందర్భం. "ఇంకిపాయ" కథలో, సంభాషణలో, తాతకు రాసే ఉత్తరంలో ఇంపుగా ఉంటుంది. కార్యదర్శికి రాసే లేఖలో "ఇంకిపోయాయి" అని రాయడం నేర్పాల్సిన పని. ఇక్కడ ఏకాభిప్రాయం రాలేదు. ఇద్దరు ఒక మార్కు కోయాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. చివరికి కుదిరిన మాట: అధికారికి రాసే లేఖలో అలాంటి రూపం కింద గీత గీసి పక్కన మరో రూపం రాసి చూపించాలి, మార్కు కోయకూడదు. నేర్పకముందే కోయడం న్యాయం కాదన్న వాదన నెగ్గింది. నేర్పిన తర్వాత, అంటే సంవత్సరం చివరి పరీక్ష నాటికి, ఈ మాట మళ్ళీ చర్చకు పెట్టాలని రాసుకున్నారు.

గిడుగు రామమూర్తి పుట్టినరోజైన ఆగస్టు 29న ప్రతి బడిలోనూ తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వాడుక భాషకు బడిలో చోటుండాలని ఆయన పోరాడింది పిల్లల కోసమే. దిద్దేటప్పుడు ఆ సంగతి గుర్తుంటే మొదటి కుప్పకు ఎర్రసిరా తగలదు.

గ పేపరు

ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ, చిరునామా, విషయం, సంబోధన, ముగింపు అన్నీ ఎక్కడివక్కడ. లోపల మాత్రం ఇది: "నీరు మానవ జీవితానికి ఎంతో ముఖ్యమైనది. నీరు లేనిదే పంటలు లేవు, జీవం లేదు. కావున జలవనరులను కాపాడుకోవలసిన బాధ్యత మనందరిపై ఉన్నది. తమరు దయతో తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన."

కంపచెట్ల మాట లేదు, పూడిక మాట లేదు. ఊరు మార్చి ఏ నీటి సమస్యకైనా ఇదే లేఖ పెట్టవచ్చు. 9 వేసిన టీచరు గట్టిగా చదివి వినిపించినప్పుడు తనే మధ్యలో ఆగారు. కంటితో చదివితే అందమైన చేతిరాత, సాఫీగా సాగే వాక్యాలు లోపలి ఖాళీని కప్పేస్తాయి. ఒక మంచి గుణం చూసి మిగతావన్నీ మంచివే అనుకునే ఈ పొరపాటుకు అమెరికన్ మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే హేలో ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. విరుగుడు తేలిక: తేడా రెండుకు మించిన ప్రతి పేపరునూ ఒకరు బయటికి చదవాలి, మిగతావాళ్ళు కాగితం చూడకుండా వినాలి. చెవికి చేతిరాత కనబడదు.

చ, ట పేపర్లు

చ పేపరు అయిదు ముక్కలే: "సార్ మా చేరువులో కంప చేట్లు ఉన్నాయి. పుడిక ఉంది. నీల్లు లేవు. ఆవులకు నీల్లు లేవు. బాగు చేయండి." దీనిమీద తేడా ఎక్కువ రాలేదు. బలహీనమైన పేపర్ల మీద టీచర్లు తొందరగానే కలుస్తారు. ఒకటే ప్రశ్న మిగిలింది: "బాగు చేయండి" అన్నదానికి, ఏం చేయాలో చెప్పినట్టు మార్కు ఇవ్వాలా? గ పేపర్లో "తగు చర్యలు" అన్నదానికి ఇవ్వకపోతే దీనికీ ఇవ్వకూడదు, ఇస్తే రెండింటికీ ఇవ్వాలి. లేఖ చదివి కార్యదర్శి ఏ పని మొదలుపెట్టాలో తెలియాలి అన్న గీటురాయి పెట్టుకుని రెండింటికీ సున్నా అన్నారు.

ట పేపరు వేరే చిక్కు తెచ్చింది. ఆ పిల్లవాడు చెరువును ఒక్క వాక్యంలో వదిలేసి, తమ కాలనీ కొళాయికి నీళ్ళు సరిగ్గా రావడం లేదని రెండు పేరాలు చక్కగా రాశాడు. మార్కులు 2, 6, 5, 3. టౌను పక్క బడి అది, పిల్లలు రోజూ చూసే చెరువు లేదు. నలుగురూ ప్రశ్ననే తప్పుపట్టారు. వినతి లేఖ రాయడం వచ్చా లేదా అని పరీక్షించదలచుకుంటే "మీ ఊరి నీటి సమస్య ఒకటి" అని అడిగితే సరిపోయేది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళకు చేరేలా ఈ మాట కాగితం మీద పెట్టారు. ఈ పేపరుకు మాత్రం చెరువు గురించి రాసినంతకే విషయం మార్కులు, భాష మార్కులు పూర్తిగా.

మారిన పట్టిక

విషయం 5: చెరువు ఇప్పుడెలా ఉందో చెబితే 2, దానివల్ల ఊళ్ళో ఎవరికి ఏ కష్టమో చెబితే 2, చేయాల్సిన పని ఫలానా అని చెబితే 1. లేఖా నమూనా 2: తేదీ–చిరునామా, విషయం, సంబోధన, ముగింపు–సంతకం అనే నాలుగింట్లో మూడున్నా 2, రెండుంటే 1, అంతకు తక్కువైతే 0. వాక్యాల అల్లిక 2. అక్షరదోషాలు 1: వేరువేరు పదాల్లో రెండు తప్పుల దాకా మార్కు పోదు, ఆపైన 0. అర మార్కుల్లేవు. అర మార్కులుంటే నిర్ణయం తీసుకోకుండా మధ్యలో ఆగిపోవడం అలవాటవుతుంది.

ఈ పట్టికతో గ పేపరుకు 6 వచ్చింది. నీళ్ళు లేకుంటే పంటల్లేవన్న మాటకు 1, నమూనాకు 2, అల్లికకు 2, అక్షరాలకు 1. చ పేపరుకు 4. క పేపరు మీద మళ్ళీ ఆగారు. విషయం 5, అల్లిక 2, నమూనా 0. అక్షరదోషాల్లో "మొలిసినాయి", "ఉపాది" రెండే నిలబడ్డాయి. మిగతా మూడు మొదటి, మూడో కుప్పల్లోకి పోయాయి. రెండు తప్పుల దాకా మార్కు పోదు కాబట్టి 1. మొత్తం 8. మొదట 4 వేసిన టీచరు దీన్ని తేలిగ్గా ఒప్పుకోలేదు. నమూనా బొత్తిగా రాని లేఖకు 8 ఏమిటన్నారు. అలాగైతే నమూనాకు 3 మార్కులు పెట్టి విషయం 4 చేద్దామా అని లెక్కవేసి చూసి, విషయంలో ఏ ముక్క తీసేయాలో తేలక మానుకున్నారు. అభ్యంతరాన్ని రికార్డులో రాశారు.

కొత్త పేపర్లతో రెండో విడత

పాత పేపర్లనే మళ్ళీ దిద్దితే అందరి మార్కులూ కలుస్తాయి. అది పట్టిక బలం కాదు, జ్ఞాపకశక్తి. అందుకే చర్చకు రాని మూడు పేపర్లు తీసి మళ్ళీ మౌనంగా దిద్దారు. త పేపరు: 6, 7, 6, 6. ద పేపరు: 8, 8, 7, 8. న పేపరు: 3, 3, 4, 5.

తేడా 1 అయితే వదిలేయాలని ముందే అనుకున్నారు. రాతపరీక్షలో అంతకన్నా బిగించాలని చూస్తే టీచర్లు చదవడం మాని అంశాలు లెక్కపెట్టడంలో పడతారు. న పేపర్లో 2 తేడా ఎందుకొచ్చింది? టైము చాలక చివరి వాక్యం సగంలో ఆగింది. 5 వేసిన టీచరు పిల్ల ఏం రాయబోయిందో ఊహించి మార్కు వేశారు. జాలి అర్థమయ్యేదే, కానీ మిగతా మూడు బడుల పిల్లలకు ఆ జాలి దొరకదు. "రాసినదానికే మార్కు" అని ఒక వాక్యం పట్టిక కిందికి చేరింది.

చెడేది ఎక్కడ

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది సరాసరి. క పేపరుకు 4, 8, 5, 7 కలిపి నాలుగో వంతు తీస్తే 6. ఎవరూ వేయని మార్కు అది. అది ఎందుకో ఎవరూ చెప్పలేరు, రేపు అలాంటి పేపరే వస్తే మళ్ళీ తేడానే. రెండు మార్కుల తేడా వస్తే మూడో మనిషి చదవాలి. మూడు, అంతకు మించితే చర్చ తప్పదు.

రెండోది పెద్దరికం. సీనియర్ సార్ "ఇది ఆరు పేపరు" అన్నాక గదిలో ఎవరూ ఏడు అనరు. పబ్లిక్ పరీక్షల పేపర్లు ఒకచోట దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో చీఫ్ ఎగ్జామినర్ మాట నడుస్తుంది, అక్కడ అది అవసరం కూడా. కాంప్లెక్స్ మీటింగులో అందరూ సమానులే కాబట్టి సర్వీసు తక్కువున్నవాళ్ళు ముందు మాట్లాడే వరస పెట్టాలి. ప్రధానోపాధ్యాయులు గదిలో ఉంటే చివర మాట్లాడాలి. బోర్డు మీద మార్కుల పక్కన పేర్లు ఉండకూడదు. అ, ఆ, ఇ, ఈ అన్న గుర్తులు అందుకే.

తన బడి పిల్లల రాతను టీచరు గుర్తుపడతారు. ఎంత దాచినా పడతారు. అందుకని ఆ పేపరు చర్చకు వచ్చినప్పుడు ఆ టీచరు చివరగా చెప్పాలి. "వాడు క్లాసులో చురుకు సార్" అన్న మాట చర్చలోకి రాకూడదు. పేపర్లో లేనిది మార్కుకు లెక్కరాదు.

టైము విషయంలో ఆశకు పోకూడదు. పేపరు ఒక్కింటికి చదవడానికి 4 నిమిషాలు, తేడా ఉన్నదానికి చర్చ 12 నుంచి 15 నిమిషాలు. రెండున్నర గంటల మధ్యాహ్నంలో ఆరేడు పేపర్లే తెగుతాయి. పన్నెండూ చూడాలని పరిగెత్తితే చివరి నాలుగింటికి "సరే, ఏడు వేద్దాం" అంటూ తలలూపడమే మిగులుతుంది. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన గడువుకు ముందురోజు ఈ మీటింగు పెట్టినా అదే గతి.

బడికి వెళ్ళాక

నలుగురూ ఒక్కో ఫైలు పట్టుకెళ్ళారు. అందులో క, గ, చ పేపర్ల నకళ్ళు, పక్కనే ఒప్పుకున్న మార్కులు, ప్రతి మార్కుకూ ఒక వాక్యం కారణం. మిగతా కట్ట దిద్దడానికి కూర్చునే ముందు అయిదు నిమిషాలు ఈ మూడూ చదవాలి. ముప్పై పేపర్లు దాటాక ఇంకోసారి చదవాలి. అలసటతో చేయి నెమ్మదిగా ఒకవైపు ఒరుగుతుంది, ఒరిగినట్టు తెలియదు. ప్రతి పదో పేపరూ పక్క బడికి వెళ్ళి, మార్కు కనబడకుండా మరొకరు దిద్దాలి.

క్లాసులో ఏం మారాలో కూడా ఈ పేపర్లే చెప్పాయి. క రాసిన పిల్లకు లేఖ నమూనా ఒక పీరియడ్‌లో వస్తుంది. గ రాసినవాడికి అలా కాదు. వాడి చేత చెరువు గట్టు మీద నిలబడి కనిపించినవి పది రాయించాలి, ఆ తర్వాతే లేఖ.

వచ్చే మీటింగుకు ఒక ఏర్పాటు చేసుకున్నారు. పాత క పేపరును వేరే చేతిరాతలో తిరగరాయించి, గుర్తు మార్చి కొత్త కట్టల్లో కలుపుతారు. నలుగురి మార్కులూ 7, 8, 9లో పడితే కొత్త పేపర్లతో ముందుకు సాగుతారు. ఒక్కరు 5 వేసినా ఆరోజు మూడు కుప్పల కాగితం మళ్ళీ బల్ల మీదికి వస్తుంది.